మూటలబండ నీలివర్ణ నివారణము

స్వస్తి! మేఘములు వచ్చి, చూచి, పలుకరింపక పోవు అనంతపుర పీఠభూమియందు, తాడిపత్రి లారీల ధూళిచే ధూసరితమైన ఒకానొక పురమున, భానుడు నడినెత్తికెక్కుటకు తొందరపడుచున్న మంగళవారమున, ఉదయము పది గంటల ఇరువది నిమిషములకు, ఒక మహాసంగ్రామము సంభవించెను. వినుడు. టీ తరువాత త్రాగవచ్చును.

ఆ పురమున మూటలబండ యను పురాతన కట్టడము గలదు: రెండు నిలువురాళ్లు, వానిపై ఒక అడ్డరాయి. తలమోపుతో వచ్చువారు ఒరుల సాయము లేక మూట దించుకొని, అలుపు తీర్చుకొని, మరల ఎత్తుకొనుటకై పూర్వులెవరో నిలిపిరి. రోడ్డు వెడల్పు పటమున దానిపై ఎఱ్ఱగీత పడెను. వారసత్వ కట్టడముల జాబితాకెక్కినచో బ్రతుకును, లేనిచో జేసీబీ పాలగును.

దాని రక్షణకై కంకణము కట్టుకొన్నది వార్డు ప్రణాళికా కార్యదర్శిని, శూన్యసభాధీర, నందిని. ఆమె పిలిచిన మొదటి అవగాహన సభకు వచ్చినవి పదునైదు అద్దెకుర్చీలు, ఒక కుక్క. రెండవ సభకు కుక్కయు రాలేదు. అయినను ఆర్నెల్లు గడపగడపపై దండెత్తి, ఇది మీ సొత్తు, మీరే చూచుకొనవలెనని బోధించెను. అయ్యో, ఆ బోధ వారికి బాగుగా తలకెక్కెను.

ఏలయన, ప్రియమైన దానికెల్ల రంగు పూయుట ఆ వీధి ఆచారము: ఎద్దుకొమ్ములకు, గడపలకు, బోరింగుకు. పదునొకండు గంటలకు ఆ జాబితా పరిశీలక బృందము విచ్చేయనుండగా, ఆ వీధివాడే యగు సుంకప్ప తన తలుపులకు వేయగా మిగిలిన నీలి ఆయిల్‌పెయింటు డబ్బాతో, కుంచెను గదవలె భుజమున నిడి, బండ యెదుట నిలిచెను. రంగు పడిన రాతిని జాబితాలో చేర్చరు. ఆ నియమము నందినికి తెలియును, సుంకప్పకు అక్కరలేదు.

"ఓ సుంకప్పా! శతాబ్దముల యెండను భరించిన ఈ శిలాదేహమును నీలిపంకమున ముంచెదవా? నన్ను దాటి కుంచె కదల్పుము!" అని నందిని చేతులు చాపి అడ్డు నిలిచెను.

సుంకప్ప ఆమెను ఎగాదిగా చూచెను. "ఏమ్మా, నువ్వేగదా చూసుకోమన్నావు. పెద్దసార్లు వస్తాండారు. సుట్టాలొస్తాంటే ఇట్ల బోడిగా పెడ్తామా?"

ఆమె నియమము వివరించెను, అతడు వినలేదు. పటము చూపెను, బాగుండాదని మెచ్చి అతడు కుంచె ముంచెను. ఒక నీలిబిందువు జారి అడ్డరాతి మూలపై పడెను. నందినికి ఏడుపు వచ్చెను, దాచుకొనలేదు.

అంతట వేరుశనగ కట్టె మోపును కిరీటముగా ధరించి, రొప్పుచు, ఎదురింటి ఓబులమ్మ రణరంగమున ప్రవేశించెను. అరువదేండ్లు దాటిన ఆమెకు ఆ రాయి నిత్యావసరము.

"సుంకప్పా, తియ్యి ఆ కుంచె. రంగు ఆరేదాకా ఈ మోపు యాడ దించుకోవల్ల? నీ నెత్తినా?"

అని మోపును రాతిపై దబ్బున పడవేసెను. సుంకప్ప అటు చూచెను, ఇటు చూచెను. పూయుటకు జానెడు చోటును లేదు. రేపటిదాకా ఆరదులే అని గొణిగి డబ్బా మూత వేసి, బోరింగు వైపు నడిచెను.

బృందము వచ్చెను. నాయకుడు బండను ముమ్మారు చుట్టి, మోపును చూచి, నేటికిని వాడుకలో నున్నదని వ్రాసికొనెను. పిమ్మట నీలిచుక్కపై వ్రేలు పెట్టి ఇదేమనెను.

ఓబులమ్మ చెంగుతో ముఖము తుడుచుకొనెను. "అది దిష్టిచుక్క సార్. ఇన్నాళ్లకు దాన్ని సూసేకి ఇంతమంది వచ్చినారు, తగలదా?"

నాయకుడు నవ్వెను, జాబితాలో టిక్కు పెట్టెను. దశదిశలారా, ఆలకింపుడు: పురపాలక పటమున ఎఱ్ఱగీత నాలుగడుగులు పక్కకు జరిగెను. ఓబులమ్మ మోపెత్తుకొని ఇంటికి పోయెను.