మూకీ సినిమాకు మైకు కావాలి

మూకీ సినిమాలో ఉన్న లోపమల్లా ఒక్కటే. అందులో ఎవరూ మాట్లాడరు. తెర మీద మాట్లాడకపోతే పోనీలే అని సరిపెట్టుకోవచ్చు. హాల్లో కూడా ఎవరూ మాట్లాడకపోతే ఎలాగండీ? ఒక మనిషి మొహం చూస్తూ ఇంకో మనిషి అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం జరిగే పనేనా?

ఈ కష్టాన్ని కనిపెట్టి, తీర్చిన మహానుభావులు మా బావగారు. వృత్తి కళ్ల డాక్టరు. ఆదివారాలు మాత్రం ఫిల్మ్ క్లబ్బు కార్యదర్శి. మధ్యాహ్నం క్లబ్బు హాల్లో పాత మూకీ ఏది వేసినా సరే, తెర పక్కన ఒక స్టూలు, స్టూలు మీద బావగారు, బావగారి చేతిలో మైకు ఉండి తీరాలి. అది మా క్లబ్బు ఆచారం. హీరోయిన్ చెంప మీద నీటిచుక్క జారగానే "ఇప్పుడామె ఏడుస్తోంది" అని ప్రకటిస్తారు. ఎంత ఉపకారం! ఆయన చెప్పకపోతే అది చెమటనుకునే ప్రమాదం ఉంది కదా.

ఇది గిట్టనివాళ్లూ ఉన్నారు. లైబ్రరీలో పనిచేసే ఒకావిడ, సినిమా ఏదో మా అంతట మమ్మల్ని చూసుకోనివ్వండి అని ఆయన మొహం మీదే అనేసింది.

మన అంతట మనం చూడ్డమట! ఈ రోజుల్లో మన అంతట మనం ఏం చేస్తున్నాం గనక? హోటల్లో తిన్నది రుచిగా ఉందో లేదో ఫోనులో చుక్కలు లెక్కపెట్టి తెలుసుకుంటున్నాం. పాట విని కళ్లనీళ్లు పెట్టుకోవాలంటే, ముందు ఆ పాట విని కళ్లనీళ్లు పెట్టుకున్నవాడి వీడియో చూస్తున్నాం. బయట వాన పడుతుంటే, పడుతోందా అని ఫోన్ని అడుగుతున్నాం, కిటికీ పక్కనే కూర్చుని. ఒక్క ఏడుపు దగ్గరికొచ్చేసరికే ఆత్మగౌరవం పొడుచుకొచ్చిందా?

పైగా బావగారి పాండిత్యం అలాంటిలాంటిది కాదు. ఒక్క ఎడమ కనుబొమ్మ మీద పావుగంట మాట్లాడగలరు. కనుబొమ్మ లేస్తే అనుమానం, లేచి ఆగితే ఆశ, ఆగి దిగితే ఆ ఆశ తీరదని తెలిసిపోవడం. ఆయన ఇదంతా విడమరిచి చెప్పేలోపు హీరోయిన్‌కి జ్వరం వచ్చి, తగ్గి, ఆవిడ వేరే ఊరు కూడా వెళ్లిపోతుంది. పోతే పోయింది. కనుబొమ్మ సంగతి తేలింది కదా!

మొన్న ఆదివారం వేసింది మూకీల్లోకెల్లా పేరున్న ప్రేమకథ. ఒక టెలిఫోన్ ఆపరేటరమ్మాయి, గడియారాలు బాగుచేసే కుర్రాడు. దానికి మా అక్క కూడా వచ్చింది. మామూలుగా ఆవిడ క్లబ్బు మొహం చూడదు.

ఈ సినిమా సంగతి వేరు. పెళ్లయిన కొత్తలో అక్కా బావా కలిసి చూసిన మొదటి సినిమా ఇదే, ఈ హాల్లోనే. అప్పటికి మైకు లేదు. బావగారు పక్కన కూర్చుని, అయిపోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదట. ఈ మనిషితో బతకొచ్చు అనిపించిందిరా ఆవేళ, అని అక్క నాతో ఎన్నోసార్లు చెప్పింది. అందుకే ఈ ఒక్కసారికి నా పక్కన కూర్చోండి, ఇంకేం అడగను అని బతిమాలింది. ఆయన సరేనన్నారు.

అక్క అందరికంటే ముందొచ్చి, మూడో వరసలో కూర్చుని, పక్క సీట్లో తన బ్యాగు పెట్టింది. నేను ఆ వరస చివర ఉన్నాను. బావగారొచ్చారు, సీటూ బ్యాగూ చూసి తలూపారు, పరిచయంగా రెండు ముక్కలు చెప్పి వచ్చేస్తానని స్టూలెక్కారు. ఆయన రెండు ముక్కలు మనకు తెలియనివా?

సినిమాలో రైలు సీను వచ్చింది. ఆ అమ్మాయి పక్క సీటు మీద తన టోపీ పెట్టి అతని కోసం చూస్తోంది. ఒక ముసలాయన వచ్చి కూర్చోవచ్చా అన్నట్టు చూశాడు. ఆమె నవ్వి, టోపీ మీద చెయ్యి పెట్టింది. సరిగ్గా అప్పుడే హాల్లోకి ఆలస్యంగా వచ్చిన ఒకాయన మా అక్కని అదే అడిగాడు. అక్క తల అడ్డంగా ఊపి, బ్యాగు మీద చెయ్యి పెట్టింది.

మైకులో బావగారి గొంతు వణికింది. "ఆ చెయ్యి చూడండి. ఇక్కడికి నా మనిషి రావాలి అంటోందా చెయ్యి. పెదవి మీద నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం అతను రాడని ఒప్పేసుకున్నాయి. ఇది కూడా కనబడకపోతే మనిషికి కళ్లెందుకండీ?"

హాలంతా చప్పట్లు. ఒక చెయ్యి బ్యాగు మీద ఉండిపోవడం వల్ల మా అక్క మాత్రం కొట్టలేకపోయింది.

అంతలో ఘోరం జరిగింది. మైకు గుర్రుమని ఆగిపోయింది! తర్వాతి స్టేషన్లో కుర్రాడు రొప్పుతూ రైలెక్కాడు. కూర్చోలేదు. నిలబడి ఆమె మొహం చూశాడు, చాలాసేపు. ఆమె అతని వంక చూడకుండానే టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

మా అవస్థ ఏం చెప్పమంటారు? అది కోపమో క్షమో చెప్పే నాథుడు లేడు. ఎవరూ చెప్పకుండానే జేబురుమాళ్లు బయటికొచ్చాయి. లైబ్రరీ ఆవిడ బాహాటంగా ముక్కు చీదింది. ఎందుకేడుస్తున్నామో తెలియకుండా హాలు హాలంతా ఏడ్చింది. ఇంత బాధ్యత లేకుండా మేమెన్నడూ సినిమా చూసి ఎరగం. ఆ సీను చూడనిది ఒక్క బావగారే. ఆయన స్టూలు కింద దూరి వైరు వెతుకుతున్నారు.

లైట్లు వెలిగాక ఆయన అక్క దగ్గరికొచ్చి, తను చెప్పకపోతే ఆ టోపీ సంగతి సగం మందికి అందేది కాదన్నారు. అక్క తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. నిండు వెలుతురు, జానెడు దూరం, మధ్యలో ఎవరూ అడ్డం లేరు.

బావగారు వంగి, ఎంతో శ్రద్ధగా చూశారు. బొటనవేలితో కింది రెప్ప లాగి మరీ చూశారు.

"కళ్లు ఎర్రబడ్డాయి. ఇన్ఫెక్షన్‌లా ఉంది. ఇంటికెళ్లగానే చుక్కల మందు వేస్తాను."

"వెయ్యండి," అంది అక్క.

బ్యాగు తీసి భుజానికి తగిలించుకుని నడిచింది. ఖాళీ అయిన ఆ సీట్లో బావగారు తీరుబడిగా కూర్చుని, మైకు వైరు చుట్టుకోవడం మొదలుపెట్టారు.

కాబట్టి క్లబ్బు పెద్దలకు నా మనవి. మైకు మానొద్దు, వెంటనే బాగుచేయించండి. కాకపోతే హాల్లో దాని అవసరం ఆదివారమే కదా. మిగతా రోజులు దాన్ని మా అక్కావాళ్లింటికి పంపించండి. స్టూలు నేను తెచ్చుకుంటాను. వంటింటి గుమ్మం పక్కన వేసుకుని కూర్చుని, "ఇప్పుడామె ఏడుస్తోంది, బావగారూ. ఆ చుక్కల మందు అక్కడ పెట్టి, వచ్చి పక్కన కూర్చోండి" అని మైకులో చెబుతాను.