నున్నబండ కోసం డ్రా

ఒక పెద్ద అడవిలో ముసలి జంతువులకు ఏటా చదరంగం పోటీ పెడతారు. గెలిచినవాళ్ళకు ఏడాదిపాటు వాగొడ్డున ఉన్న నున్నబండ ఇచ్చేస్తారు. పొద్దున్నే ఎండ పడే బండ అడవి మొత్తానికి అదొక్కటే మరి.

ఈసారి ఫైనలుకొచ్చింది తాబేలు గవరయ్య, ఉడుము పైడయ్య. ఇద్దరికీ చలికి ఒళ్ళు కొయ్యబారిపోతుంది. ఓడినవాడు శీతాకాలమంతా నీడలో వణకాల్సిందే.

"ఎందుకొచ్చిన గొడవ పైడయ్యా? పది ఎత్తులాడి డ్రా అనేద్దాం. బండ చెరో సగం," అన్నాడు గవరయ్య ముందురోజే.

"అంతకన్నానా బావా!" అన్నాడు పైడయ్య.

అంతా బాగానే ఉంది. డ్రా అని ముందు నోరు తెరిచేదెవరో మాత్రం ఈ మహానుభావులు అనుకోలేదు.

పదో ఎత్తయింది. గవరయ్య పైడయ్యకేసి చూశాడు. పైడయ్య చెట్టుకేసి చూశాడు. ముందడిగితే భయపడ్డాడంటారని ఇద్దరికీ బెంగ. చూసి చూసి ఒళ్ళుమండిన పైడయ్య, గుర్రాన్ని దూకించి గవరయ్య ఏనుగును కొట్టేశాడు.

"ఓరి నీ! నిజంగానే కొడతావా?"

అక్కణ్ణుంచి చూడాలి వాళ్ళ ఆట! చెట్లమీది కోతులు అల్లరి మానేసి నోళ్ళు తెరుచుకుని చూశాయి. సాయంత్రానికి బోర్డు మీద ఇద్దరు రాజులు తప్ప బంటు కూడా మిగల్లేదు. డ్రా! అసలు సిసలు డ్రా!

"ఇలా ఆడి ముప్పై ఏళ్ళయింది బావా!" అని పైడయ్య కళ్ళు తుడుచుకున్నాడు. గవరయ్య వాణ్ణి కావలించుకున్నాడు.

రిఫరీ కొంగ చలమయ్య మాత్రం మెడ సాచి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"నా సర్వీసులో ఇంత అనుమానాస్పదమైన డ్రా చూళ్ళేదు. పెద్దవాళ్ళు పది ఎత్తులాడి, చేతులు కలిపి టిఫినుకు పోతారు. అదీ పద్ధతి. మీరు ఇంత ఒళ్ళు హూనం చేసుకుని సమానంగా తేలారంటే, ముందే మాట్లాడుకున్నారన్నమాట!"

గవరయ్య పాపం నిజం చెప్పేశాడు. "మాట్లాడుకున్నాం గానీ, అనుకున్నట్టు ఆడలేదండీ."

"ఇచ్చిన మాట కూడా తప్పారా! రెండో నేరం. రాసుకోండి."

విచారణ తేలేదాకా నున్నబండ కమిటీ స్వాధీనమైంది. కమిటీ అంటే నాలుగు కొంగలు. రోజూ పొద్దున్నే ఆ బండమీదే ఒంటికాలిమీద నిలబడి, ఎండ కాగుతూ విచారిస్తున్నాయి. ఇప్పట్లో తేలేలా లేదు.

అవతల నీడలో గవరయ్య, పైడయ్య రోజూ పోట్లాడుకుంటూ ఆడుతూనే ఉన్నారు. ఆ వేడిలో వాళ్ళకు చలి సంగతే గుర్తులేదు. డ్రా అన్న మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

నీతి: లాలూచీ పడితే చివరిదాకా పడాలి, మధ్యలో నిజాయితీగా ఆడితే ఏ కమిటీ క్షమించదు.