శాశ్వతంగా కొన్న పాట

పాట కొనడానికి ఇన్ని దారులు తెరిచినవాళ్లకు గుడి కట్టించాలి. కాదనేవాళ్లు కొరియాలోని రేవు పట్నం మొక్‌పోలో ఉండే టక్ బున్‌రే సంగతి వినండి.

ఇప్పుడు ఎండుచేపల కొట్టు నడుపుతోంది గానీ, వయసులో ఉండగా ఆవిడ ట్రాట్ అనే పాతకాలపు కొరియా జనరంజక పాటలు పాడేది. ఒకే ఒక్క పాట రికార్డయింది. ఇంట్లో ఉన్న క్యాసెట్ తడిసి పాడై ఏళ్లయింది. వృద్ధుల ఆసుపత్రిలో మంచాన పడ్డ అక్క బున్‌నమ్ మాత్రం, "నీ పడుచు గొంతుతో ఆ పాట ఒక్కసారి వినిపించవే" అని అడిగింది.

పూర్వమైతే ఏం చేసేవాళ్లం? కొట్టుకెళ్లి, డబ్బిచ్చి, క్యాసెట్ తెచ్చుకునేవాళ్లం. ఎంత అనాగరికం! ఇప్పుడలా కాదు. పక్కనే బ్యూటీ పార్లర్ నడిపే గుక్‌హీ ఫోనులో వెతికిపెట్టింది.

"అక్కా, నెల చందా కడితే వినొచ్చు, దాచుకోకూడదు. ఇంకాస్త కడితే దాచుకోవచ్చు, చందా ఆపితే తెరుచుకోదు. గొంతు స్పష్టంగా వినపడాలంటే వేరే రేటు."

"నా దగ్గర చేప కొన్నవాడు నెలనెలా కడుతున్నాడా? కొనేసే దారే లేదా?"

"ఉంది. 'శాశ్వతం' అని రాశారు."

తన గొంతును తానే కొనుక్కునే భాగ్యం ఏ కాలంలో ఏ గాయనికి దక్కింది చెప్పండి? బున్‌రే శాశ్వతం కొనుక్కుంది. ఆదివారం బస్సెక్కి వెళ్లి అక్క చెవి దగ్గర ఫోను పెట్టింది. పాట రాలేదు. 'హక్కుల గడువు ముగిసినందున ఈ పాట అందుబాటులో లేదు' అని అక్షరాలొచ్చాయి.

అక్కడే నిలబడి కంపెనీకి ఫోన్ చేసింది.

"కస్టమర్ గారూ, శాశ్వతం అంటే మా ఒప్పందం ఉన్నంతకాలం శాశ్వతమండీ" అంది అవతలి అమ్మాయి, తేనె పూసిన గొంతుతో.

"అది పాడింది నేనేనమ్మా."

"అలాగా అండీ. మీరేనని రుజువేమైనా ఉందా?"

బున్‌రే గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. గొంతు బొంగురుపోయింది. పై స్థాయి అందక ఒకచోట మాటల్లాగే అనేసింది. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. అక్క కళ్లు మూసుకుని దుప్పటి మీద వేళ్లతో తాళం వేసింది.

"పడుచు గొంతు కాదే ఇది" అంది పాటయ్యాక. "అయినా ఇదే బాగుంది. మళ్లీ వినిపించు."

బున్‌రేకి ఆయాసం తీరలేదు. "అమ్మాయ్, ఫోను కలవగానే ఈ మాటలన్నీ రికార్డు చేస్తామన్నారుగా. ఆ పాట ముక్క కాస్త పంపించు."

"రికార్డయిందండీ. కానీ అది సంస్థ ఆస్తి, బయటికివ్వరు."

"కొనుక్కుంటానమ్మా."

"క్షమించండి, దానికి ఆప్షన్ లేదండీ. ఈ రోజు మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

బున్‌రే ఫోను పెట్టేసి, గ్లాసుడు నీళ్లు తాగి, అక్క చెయ్యి పట్టుకుని మొదటి చరణం మళ్లీ అందుకుంది.

ఆ పాట హక్కులు ఇప్పుడెవరివో తెలియదు గనక, అలా పాడటం దొంగతనమే అయివుంటుంది.