గట్టాసురుడి ముఖం

ఆ పొద్దున షాకిర్ అనుకున్న పని చాలా చిన్నది. ఇడ్లీ తిని, సైకిలెక్కి, ఏలూరు వన్‌టౌన్‌లోని తాతారావు ప్రెస్సుకు వెళ్లి, ‘కొల్లేటి గస్తీ’ కామిక్కు మొదటి సంచికలో మిగిలిపోయిన రెండు ముఖాలూ వేసేసి, మధ్యాహ్నం నమాజు వేళకు తిరిగి రావడం.

ముఖాలు మిగిలిపోవడానికి కారణం ఉంది. షాకిర్ సినిమా కటౌట్ల దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాడు. అక్కడ ఒళ్లూ బట్టలూ ముందు పూర్తి చేసి, ముఖం చివరి రోజున వేసేవారు. ఫ్లెక్సీలు వచ్చి కటౌట్లను మింగేసినా ఆ అలవాటు మాత్రం అతన్ని వదల్లేదు.

గస్తీ దళంలో నలుగురున్నారు. కొల్లేట్లో మునిగిపోయిన పడవవాడి ఆత్మ వీరన్న వాళ్లకు నాయకుడు. మిగతావాళ్లు గూడబాతుగా మారే అమ్మాయి, జంగారెడ్డిగూడెంలో పొగాకు కాల్చే బ్యారన్లో పుట్టిన పొగదెయ్యం, ముదినేపల్లి వరిచేలో ప్రాణం పోసుకున్న దిష్టిబొమ్మ. గట్లు వేసి సరస్సును మింగేస్తున్న గట్టాసురుడి మీద వీళ్ల పోరాటం. వీరన్న ఒక్క తన్ను తంతే ఎంతటి గట్టయినా తెగిపోవలసిందే. ముఖాలు లేనిది వీరన్నకూ గట్టాసురుడికీ మాత్రమే.

కథ రాసింది తాడేపల్లిగూడెం కాలేజీలో లెక్చరరు అభిషేక్. షాకిర్ కడుపుమంటంతా అక్కడే ఉంది.

“ఏవండీ, ఈ మాటలు ఎంత బాగా రాశారండీ అభిషేక్ గారు!” అంది భార్య సాజిదా, పేజీలు తిరగేసి పకపకా నవ్వుతూ.

“బొమ్మలు చూశావా?”

“ఆ, మాటల పక్కనే ఉన్నాయి కదండీ, చూశాను.”

షాకిర్ ఇడ్లీ ప్లేటు పక్కకు తోసేశాడు. ఏడాది పాటు వేళ్లు వంకర్లు పోయేలా గీసినవాడు తను. మెచ్చుకోలు మాత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని నాలుగు మాటలు గిలికినవాడికి! కనీసం కవరు మీదయినా తన పేరు ముందుండాలి. అతనికి కావలసింది అదొక్కటే.

ప్రెస్సులో తాతారావు కవరు ప్రూఫు చేతికిచ్చాడు. పైన బారెడు అక్షరాలతో ‘అభిషేక్ సృష్టి’ అని ఉంది. అట్టడుగున, ప్రెస్సు చిరునామా పక్కన, చీమలు పాకినట్టు ‘బొమ్మలు: షాకిర్’.

“ఇలా వేయమని ఎవరు చెప్పారండీ?”

“అభిషేక్ గారేనండీ. ఏం, బాలేదా?”

“చాలా బాగుంది,” అన్నాడు షాకిర్. ఒళ్లంతా మండిపోతూ, బల్ల దగ్గర కూర్చుని కుంచె తీశాడు. గట్టాసురుడికి అభిషేక్ ముఖం అతికినట్టు దిగింది. ఆ కళ్లజోడు, ఆ పక్కపాపిడి, పరీక్ష పేపర్లు దిద్దేటప్పటి ఆ చిరునవ్వు, అన్నీ వచ్చేశాయి. వీరన్నకు తన ముఖమే వేసుకున్నాడు. జుట్టు మాత్రం ఉన్నదానికన్నా కాస్త ఒత్తుగా వేశాడు. ప్రాణం హాయిగా అనిపించింది.

ఇంటికి చేరేసరికి ఆ హాయి కాస్తా భయమైంది. అభిషేక్ చూస్తే ఏమంటాడు? ముఖం చెల్లక షాకిర్ మళ్లీ ప్రెస్సు వైపు వెళ్లలేదు. అచ్చయిన పుస్తకాలను తాతారావే కట్టలు కట్టించి కైకలూరు బస్సులకు ఎక్కించాడు. అది కొల్లేట్లో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించేసిన ఏడాది. సరస్సు పక్క ఊళ్లలో గట్టు తెగిన బొమ్మ కనిపిస్తే జనం ఎలా చదువుతారో ఆ ముగ్గురిలో ఒక్కరూ ఆలోచించలేదు.

ఆ వారంలోనే ఒక ఆటో షాకిర్ బోర్డులు రాసే దుకాణం ముందు ఆగింది. కొల్లేటి లంక నుంచి బంగార్రాజు అనే చెరువు రైతు, వెనకాల ఆయన మనుషులూ దిగారు. ఆయన చేతిలో పుస్తకం ఉంది.

“నమస్కారమండీ. ఈ గట్టు తన్నేవారు తమరేనాండీ?”

షాకిర్ ఛాతీ పొంగింది. ఇన్నాళ్లకు తనను గుర్తుపట్టినవాళ్లు దొరికారు! “నేనేనండీ. ముఖం చూస్తే తెలియట్లేదూ?”

“తెలిసిందండీ. జుట్టు దగ్గర కొంచెం అనుమానపడ్డాం.” బంగార్రాజు గొంతు ఎంతో మెత్తగా ఉంది. “మాకు చాలా కోపంగా ఉందండీ. మా పిల్లలంతా వీరన్నాట ఆడుతున్నారండీ. నానిపోయి ఉన్న నా గట్టు మీదకెక్కి గుంపుగా తన్నారు. అది తెగిపోయింది. నా శీలావతి చేపలన్నీ పక్కనున్న సత్యనారాయణమూర్తి గారి చెరువులోకి పోయాయండీ. ఇవ్వమంటే, వీరన్న దయవల్ల వచ్చినవి ఇవ్వనంటున్నారు. ఉన్న గట్లు పోయి మేమేడుస్తుంటే, మిగిలినదాన్ని కూడా తన్నించడం మీకు ధర్మమేనాండీ?”

షాకిర్ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. “అయ్యో, నాదేముందండీ! నేను గీసేవాణ్ణి. కథంతా అభిషేక్ గారిది!”

బంగార్రాజు పుస్తకం తిప్పి కవరు చూపించాడు. నిండా ఎర్రటి అక్షరాలతో ‘కథ, మాటలు, బొమ్మలు, సమస్త సృష్టి: షాకిర్’ అని ఉంది. ఎన్నాళ్లుగానో కలగన్న కవరు అది.

సరిగ్గా అప్పుడే తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన అభిషేక్ రిక్షా దిగాడు. ఆటో దగ్గరున్నవాళ్లు ఒక్కసారిగా కేకేశారు.

“ఒరే, గట్టాసురుడు గారు!”

షాకిర్ కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి అభిషేక్ మెడలో బంగార్రాజు కండువా ఉంది. చేతుల్లో తడిగోనెలో చుట్టిన కొర్రమీను ఉంది.

“గట్టు వేసినవాడి కష్టం నీకేం తెలుసురా అని వీరన్నను అడిగారు చూడండీ, మా అమ్మ వెంకటనరసమ్మ గారు ఆ పేజీ చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నారండీ,” అన్నాడు బంగార్రాజు. “మా బాధ కనిపెట్టింది తమరొక్కరేనండీ.”

అభిషేక్‌ను షాకిర్ పక్కకు లాగాడు. “మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. కథ మీరే రాశారని చెప్పండి.”

“ఎలా చెప్పనండీ?” అభిషేక్ గొంతు తగ్గించాడు. “కాలేజీలో నా కథ ఒక్కరూ చదవలేదు. బొమ్మలు చూసి ఆహా అన్నారు. కుళ్లిపోయానండీ. అందుకే నా పేరు అంత పెద్దగా వేయించాను. మీరు ముఖాలు వేసిన సాయంత్రమే ప్రెస్సులో నా ముఖంతో ఉన్న గట్టాసురుణ్ణి చూశాక, మిమ్మల్ని ఎంత బాధపెట్టానో అర్థమైంది. అప్పుడే అంతా మీ పేరు మీదకు మార్పించేశాను. మళ్లీ నాదంటే ఏం మర్యాదండీ?”

షాకిర్‌కు ఏడుపొచ్చింది. కథలో సరే, ఆఖరికి మంచితనంలోనూ వీడే ముందున్నాడు! అసూయపడటానికి వీడిలో ఇంకా ఎన్ని మిగిలి ఉన్నాయో.

చివరికి బంగార్రాజే తీర్పు చెప్పాడు. రెండో సంచికలో వీరన్న పోవాలి. దళానికి గట్టాసురుడు నాయకుడు కావాలి. అప్పుడు గానీ పిల్లలు ఆట మార్చరు.

“వీరన్న ముందే చచ్చిపోయినవాడండీ,” అన్నాడు షాకిర్ దీనంగా. “మళ్లీ ఎలా చంపనూ?”

“అది మీ ఇష్టమండీ. రాసేది తమరేగా!”

చాలా మొహమాటపడ్డ తర్వాత రాసేది తనేనని అభిషేక్ ఒప్పుకున్నాడు, కానీ పేరు మాత్రం వేయవద్దని గట్టిగా పట్టుబట్టాడు. షాకిర్ వినలేదు. వీరన్నను పాఠకుల వైపు వీపు పెట్టి, ముఖం కనబడకుండా, నీళ్ల మీదుగా దూరంగా నడిపించేశాడు. తర్వాత అన్నిటికన్నా పెద్ద కుంచె తీసి, అభిషేక్ పేరును రెండో సంచిక కవరులో సగం నిండేటట్టు తన చేత్తోనే రాశాడు.