మిర్చి గోదాముపై జాతీయ నెట్‌వర్క్

జాతీయ టీవీ నెట్‌వర్క్ ఎక్కడ పెట్టాలి? ఢిల్లీలో అనేవారు పాపం అమాయకులు. మిర్చి గోదాము మీద పెట్టాలి!

అనుమానమా? విజయవాడ వన్ టౌన్‌లో మిర్చి వ్యాపారి కిరీటిగారు తన గోదాము మేడ మీద ‘సర్వదేశం నేషనల్ నెట్‌వర్క్’ పెట్టారు. డెల్టా ఊళ్ల కేబుల్‌లో తప్ప ఎక్కడా రాదు. అయితేనేం? బోర్డు మీద భారతదేశం పటం ఉంది కదా!

న్యూస్ రీడర్ డయానా. కాలువ చివర, శివారు పొలాల ఊరి పిల్ల. టీచర్ ఉద్యోగం మానుకుని మరీ ఇందులో చేరింది. వాళ్ల ఊరికి నీళ్లందక రెండో పంటగా వేసిన దాళ్వా వరి ఎండిపోతోంది. ఆ మాట ఒక్కసారి టీవీలో చదివితే అధికారులు కదులుతారని ఆమె ఆశ.

తొలి బులెటిన్ మొదలైంది. కింద గోదాములో ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ఘాటు మెట్లెక్కి స్టూడియోలోకి వచ్చేసింది. షేర్ మార్కెట్ చదువుతూ డయానా కన్నీళ్లు పెట్టుకుంది. క్రికెట్ స్కోరుకు వెక్కి వెక్కి ఏడ్చింది. వాతావరణం దగ్గర గొంతు పూడుకుపోయింది.

ప్రేక్షకులు కరిగిపోయారు! దేశం కోసం ఇంతగా కుమిలిపోయే ఛానెల్ ఇంకొకటుందా? మిగతావాళ్లు గంటల తరబడి అరిచినా ఈ భావోద్వేగం వస్తుందా? కిరీటిగారు సంతోషం పట్టలేక స్టూడియో కిటికీలు కూడా మూయించారు.

డయానా రోజూ తన ఊరి వార్త పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లేది. ఆయనా రోజూ ఓపిగ్గా నచ్చజెప్పేవారు.

“శివారు పొలాలకి నీళ్లు రాకపోతే అది కాలవ సంగతమ్మా. దేశం సంగతెలా అవుద్ది?”

ఇంతలో గోదాములో సరుకంతా అమ్ముడై లారీలెక్కింది. ఘాటు పోయింది. కన్నీళ్లు ఆగిపోయాయి. ప్రేక్షకులు వేరే ఛానెళ్లకు తరలిపోయారు. పెట్టినంత తొందరగానే నెట్‌వర్క్ మూసేస్తూ, ఆఖరి బులెటిన్‌లో నీకు నచ్చింది చదువుకోమన్నారు కిరీటిగారు.

డయానా చదివింది. అడుగంటిన కాలువ, నెర్రెలిచ్చిన మడి, పొట్ట దశలో మాడిన వరి. ఎక్కడా తడబడలేదు, ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. ఆమె వార్తలు అంత బాగా ఎప్పుడూ చదవలేదు.

బులెటిన్ ముగియగానే ఊరి నుంచి తల్లి సంపూర్ణమ్మ ఫోన్ చేసింది. ఊరంతా టీవీ ముందే కూర్చుని చూశారట.

“పొలాలు ఎండింది నిజవే గానమ్మా, నువ్వు చెప్తంటే మాత్రం నిజంలా లేదంటన్నారు అందరూ. కాస్త ఏడవాల్సింది.”

అప్పుడు డయానాకు నిజంగానే ఏడుపొచ్చింది. కెమెరాను అప్పటికే అట్టపెట్టెలో సర్దేశారు.