ఎడమకు ఒరిగిన లేబుల్

ఇంటర్న్‌షిప్‌లో శ్రద్ధగా పని నేర్చుకుంటే ఉద్యోగం ఖాయం! కావాలంటే స్టాంపు పేపర్ మీద రాసిస్తాను. నమ్మనివాళ్లు మా మేనకోడలు చిట్టి సంగతి వినండి.

చిట్టి బిజినెస్ చదువుతోంది. విదేశంలో ద్రాక్షరసం పులియబెట్టి వైన్ చేసే ఒక వైనరీలో ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్ వచ్చింది. పంపించమని పట్టుబట్టింది నేనే. మా అక్క మాత్రం చుట్టాలందరికీ "పళ్లరసాల కంపెనీ" అని చెప్పుకుంది. అబద్ధమేముంది? కాస్త నిలవ ఉన్న రసం, అంతే కదా!

పైగా అది ఎదుగుతున్న కంపెనీ. ఈ మాటను తేలిగ్గా తీసుకోకండి. ఎదిగిన కంపెనీలో కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది. ఎదుగుతున్న కంపెనీలో అందరూ నిలబడే ఎదగాలి. మా పిల్లకిచ్చిన హోదా "బ్రాండ్ స్ట్రాటజీ అసోసియేట్". ఇచ్చిన పని సీసాలకు లేబుళ్లు అంటించడం. బ్రాండ్ ఎక్కడుంటుంది? సీసా మీదే! అంతకన్నా దగ్గరగా ఏ ప్రొఫెసర్ చూపించగలడండీ?

పీపాల గది పక్కన, తడి నేల మీద, రోజుకు నాలుగు వందల సీసాలు. మధ్యమధ్యలో పీపాలు కడగాలి, అట్టపెట్టెలు మడవాలి, చూడ్డానికి ఎవరైనా వస్తే నవ్వాలి. కాలేజీలో రెండేళ్లు సాగదీసే సిలబస్ అక్కడ మధ్యాహ్నం భోజనానికల్లా పూర్తయ్యేది.

యజమాని మొదటిరోజే భరోసా ఇచ్చాడు. "మనమంతా ఒకటే ఫ్యామిలీ అమ్మాయ్! కంపెనీ పెద్దదవడానికి మంచి ప్లాన్ రాసివ్వు. నచ్చిందంటే ఇక్కడ ఉద్యోగం నీదే." ఆ ఒక్క మాట పట్టుకుని పిల్ల ఆర్నెల్లు నిలబడింది.

చిట్టిది ఎడమచేతి వాటం. అంటించిన ప్రతి లేబులూ ఎడమకు కాస్త ఒరిగేది. మొదట్లో చివాట్లు పడ్డాయి. తర్వాత కొన్నవాళ్లు "అబ్బ, మనిషి చేత్తో అంటించినట్టుందే!" అని మురిసిపోయి పెట్టెలకు పెట్టెలు పట్టుకెళ్లారు. యజమాని వెంటనే ప్రతి సీసా మెడకూ ఒక చీటీ కట్టించాడు: "ఇందులో ఒక మనిషి చేతి స్పర్శ ఉంది." చీటీలు కట్టిందీ చిట్టే.

ఆర్డర్లు పోటెత్తాయి. చిట్టి ఆదివారాలన్నీ ధారపోసి ప్లాన్ రాసింది. పని ఎక్కడ నత్తనడక నడుస్తోందో గడియారం పెట్టి మరీ కొలిచింది. ఎక్కడ? లేబుళ్ల దగ్గర! "ఇక్కడ మెషిన్ పెట్టాలి" అని మొదటి పేజీలోనే, కింద గీత గీసి రాసింది. తన కాళ్ల కింద నేలను ఇంత పద్ధతిగా తవ్వుకోవడం బిజినెస్ చదవనివాళ్ల వల్ల అవుతుందా?

యజమానికి ప్లాన్ తెగ నచ్చేసింది. రెండు వారాల్లో మెషిన్ దిగింది. తీరా చూస్తే అది లేబుల్ తిన్నగా అంటిస్తోంది! చీటీ పరువు ఏం కాను? మెకానిక్ తల పట్టుకుని చిట్టి దగ్గరికొచ్చాడు. "నీ వంకరేదో దీనికీ నేర్పు తల్లీ!" పిచ్చిపిల్ల, మూడు రోజులు పక్కనే నిలబడి సీసా సీసాకూ కొలిచి నేర్పింది.

నాలుగోరోజు యజమాని సర్టిఫికెట్ చేతిలో పెట్టాడు. "ప్లాన్ అద్భుతం అమ్మాయ్. నువ్వు రాసినట్టే చేశాం. అందుకే ఇప్పుడు ఆ పోస్టు లేదు."

నిన్న ఫోన్ చేసింది. వీడ్కోలుకు ఒక సీసా ఇచ్చారట.

"లేబుల్ నేనంటించిందో, అదంటించిందో నాకే తెలియట్లేదు మామయ్యా," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ పంపినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని మాట్లాడను? "మెడకు చీటీ ఉందా?" అని మాత్రం అడిగాను.

"ఉంది మామయ్యా. మనిషి చేతి స్పర్శ అనే ఉంది."

అయినా నా మాట పొల్లుపోలేదు, గమనించారా? శ్రద్ధగా పని నేర్చుకుంటే ఉద్యోగం ఖాయమన్నాను. మూడే రోజుల్లో నేర్చుకున్న ఆ మెషిన్‌ను నేలకు నాలుగు బోల్టులు బిగించి పర్మనెంట్ చేశారు.