బదిలీగారి పేరు మీద టికెట్

ఆ రోజు పొద్దున బదిలీగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. నెల్లాళ్లుగా పెద్దకూతురింట్లో ఉన్న అత్తగారు సాయంత్రం ఆరింటికి తిరిగి వస్తున్నారు; ఈలోగా ఆవిడ గదిలో బూజు దులపాలి. అంతే. దులుపుతుంటే కర్ర గోడగడియారానికి ఠంగుమని తగిలింది. తలెత్తి చూస్తే ముళ్లు కదలడం లేదు.

అది కాలం చేసిన మామగారి గడియారం. ఊరెళ్తూ అత్తగారు కూతురి గురించి గానీ మనవల గురించి గానీ ఒక్క ముక్క అనలేదు. "అల్లుడుగారూ, నా గడియారం జాగ్రత్త" అని మాత్రం రెండుసార్లు చెప్పారు. బదిలీగారికి పైప్రాణాలు పైనే పోయాయి. భార్యకు కూడా చెప్పకుండా దాన్ని సంచిలో పెట్టుకుని ఆఫీసుకు పట్టుకెళ్లారు.

ఆఫీసులో ఆయనది హెల్ప్ డెస్క్. ఎవరి ఫ్యాను తిరగకపోయినా, ఎవరి కంప్యూటరు మొరాయించినా ఆ ఫిర్యాదు టికెట్ రూపంలో ముందు ఆయన దగ్గరికే వస్తుంది. ఆయన దాన్ని చదివి, 'తగు చర్య నిమిత్తం' అని రాసి, మరొకరి పేరుకు మార్చేస్తారు. పదకొండేళ్లలో ఒక్క టికెట్టూ తన పేరు మీద ఉంచుకోలేదు గనకే ఆయనకు బదిలీగారని పేరొచ్చింది. టికెట్ ఎవరి పేరు మీద ఉంటే వస్తువు వాళ్ల దగ్గరే ఉండాలన్న నియమం కూడా ఆయన పెట్టిందే.

"టికెట్ లేకుండా మేకు కూడా ముట్టనండీ. మీరు నేర్పిందేగా" అన్నాడు ఎలక్ట్రీషియన్.

సరేనని 'గడియారం నడవడం లేదు' అని టికెట్ రాసి, అతని పేరు మీద వేసి, బదిలీగారు నిశ్చింతగా ఫోన్లు ఎత్తుతూ కూర్చున్నారు. మూడింటికి వెళ్లి చూస్తే అతని బల్ల ఖాళీ.

"నా గడియారం ఏదయ్యా?"

"లోపల మడతపెట్టిన కాగితం కనపడిందండీ. కాగితాలు నా పని కాదు కదా! రికార్డు సెక్షన్‌కి మార్చేశా."

బదిలీగారు గబగబా టికెట్ హిస్టరీ తెరిచారు. రికార్డు సెక్షనావిడ కాగితం లాగి ఫైల్లో పెట్టుకుని, మిగిలింది చెక్కసామాను కాబట్టి వడ్రంగి పేరుకు మార్చింది. వడ్రంగి 'చెక్క బాగానే ఉంది, లోపల ఏదో శబ్దం' అని రాసి సెక్యూరిటీకి తోశాడు. సెక్యూరిటీ ఆఫీసరు శబ్దం చేసే సంచిని ఆరుబయట పెట్టించి, గంటసేపు గోడ చాటునుంచి కాపలా కాసి, అది పేలకపోవడంతో పనికిరానిదని తేల్చి పాతసామాన్ల గదికి పంపాడు. అందరూ చివర 'తగు చర్య నిమిత్తం' అనే రాశారు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

పాతసామాన్ల గది ముందు లారీ బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

"ఆపండి! అది మా అత్తగారి గడియారం!"

"ఎవరిదైతే ఏంటండీ, టికెట్ మీ పేరు మీద లేదుగా" అన్నాడు అక్కడి గుమాస్తా. "మీ పేరుకి మార్చుకోండి, ఇచ్చేస్తాను."

బదిలీగారు ఫోనులో టికెట్ తెరిచారు. కళ్లు మూసుకుని తన పేరు నొక్కేశారు. ఆ వెంటనే లారీలో విరిగిన కుర్చీల కిందనుంచి గడియారం పదకొండు గంటలు కొట్టింది. అప్పటికి నాలుగు కూడా కాలేదు. అయినా అంత ఆనందం ఆయనకు ఈమధ్య కాలంలో కలగలేదు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని ఎత్తుకుని ఇంటిదారి పట్టారు.

అత్తగారు వచ్చేసరికి గడియారం గోడ మీద టిక్కుటిక్కుమంటోంది. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయారు.

"దీన్నెవరు నడిపించారు?"

"నేనే అత్తయ్యగారూ. ఆగిపోతే... బాగుచేయించాను."

"అయ్యో! మీ మామగారు పోయాక ఈ చప్పుడుకి నిద్రపట్టక, చక్రాల మధ్య కాగితం దోపి నేనే ఆపానండీ. ఆరేళ్లయింది!" అంటూ ఆవిడ ఓ పాత కవరు మడిచి లోపలికి దోపారు. చప్పుడు ఆగింది. "పోనీలెండి, పగలగొట్టలేదు. అదే పదివేలు."

తను దాన్ని పాడుచెయ్యనే లేదు! బదిలీగారు మంచం మీద కూలబడ్డారు.

మర్నాడు, ఇంకెవరి పేరుకూ మార్చే వీల్లేక, తన పదకొండేళ్ల ఉద్యోగంలో తొలిసారి ఒక టికెట్‌ను తనే మూశారు: 'గడియారం ఆగిపోయింది. సమస్య తీరింది.'